లేని నొప్పి

ఆరో చొక్కా ఇస్త్రీ చేస్తుండగా ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఉంది. ఎడం చేత్తో ఫోను తీసి చదివింది. చొక్కా మాత్రం కాలలేదు. పద్దెనిమిదేళ్ల అలవాటు మరి, మనసు ఎక్కడున్నా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

'మీ కోరిక మేరకు కోర్సు నుంచి మీ పేరు తొలగిస్తున్నాం. అభ్యంతరం ఉంటే వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదులోగా స్వయంగా వచ్చి చెప్పగలరు.'

ఆమె ఏ కోరికా కోరలేదు.

యూనివర్సిటీ లెక్చరర్లకి పాఠం ఎలా చెప్పాలో నేర్పే పీజీ డిప్లొమా అది. రెండేళ్లు, శనివారం శనివారం క్లాసులు. ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. పధ్నాలుగేళ్లుగా ఆమె గణాంకశాస్త్రం చెబుతోంది, ఇప్పటికీ కాంట్రాక్టు మీదే. ప్రతి వేసవిలోనూ హెచ్‌ఓడీ గది బయట నిలబడి, ఆయన టీ తాగడం పూర్తయ్యేదాకా ఆగి, మరో ఏడాదికి సంతకం పెట్టించుకోవాలి. డిప్లొమా ఉన్నవాళ్లని ఈ ఏడాది పర్మనెంటు చేస్తామని యూనివర్సిటీ ప్రకటించింది. మళ్లీ ఎప్పుడు చేస్తారో ఎవరూ చెప్పలేరు.

ఆమె కోర్సులో చేరినప్పుడు అత్తగారు నవ్వారు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి ఇప్పుడు పాఠం చెప్పడం నేర్చుకోవడమేమిటమ్మా, చేపకి ఈత నేర్పినట్టు, అన్నారు. భర్త మాత్రం వెనకేసుకొచ్చాడు. మా ఆవిడ మళ్లీ బళ్లో చేరింది, ఇక క్యారేజీ నేను కట్టాలి కాబోలు అని చుట్టాలందరి దగ్గరా జోకు వేశాడు. అందరూ నవ్వారు. క్యారేజీ మాత్రం ఆమే కట్టుకుంది. శనివారాల్లో అయితే తనది కాక ఇంకో రెండు కట్టి, మధ్యాహ్నం వంట వండి మూత పెట్టి మరీ వెళ్లేది.

సోమవారం కోర్సు ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. అర్జీ మీ అకౌంటు నుంచే వచ్చింది మేడం, అన్నాడు. కారణం అన్న చోట ఒక్కటే వాక్యం ఉంది. 'అలసిపోయాను, ఇంటికీ చదువుకీ రెంటికీ న్యాయం చేయలేకపోతున్నాను.'

ఆ వాక్యం ఆమెదే. మూడు వారాల కిందట బోధనా డైరీలో రాసుకుంది. కోర్సులో ప్రతివారం రాయాలి అది: క్లాసులో ఏం జరిగింది, తనకేమనిపించింది. కంప్యూటర్లోనే రాస్తారు. చదివేది కోర్సులో ఆమెకి సలహాలిచ్చే మెంటర్ ఒక్కావిడే. అయితే ఆరోజు ఆ వాక్యం కింద ఆమె ఇంకో వాక్యం రాసింది. 'అయినా వదలను.' అది అర్జీలో లేదు. దొంగ చాలా తెలివైనవాడు, కావలసింది తీసుకుని అక్కర్లేనిది వదిలేశాడు.

వెంటనే అభ్యంతరం రాసివ్వబోతే గుమాస్తా ఆపాడు. అర్జీ రద్దు చేసే వీలు ఒక్కసారే ఉంటుందట. ఆ తర్వాత మళ్లీ ఇలాంటి అర్జీ వస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరట. ఆమె కలం మూత పెట్టేసింది. దొంగ లోపలే ఉండగా గడియ పెట్టుకుని ఏం లాభం? శుక్రవారం దాకా గడువుంది. పాస్‌వర్డు మారిస్తే దొంగ జాగ్రత్త పడతాడు, ముందు ఎవరో తేలాలి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి డైరీ రాసే అలవాటు లేదు కాబోలు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని ఆ వారం డైరీలో ఒక శుద్ధ అబద్ధం రాసింది. 'కుడి మడమలో పోటు. డాక్టరు గంటకి మించి నిలబడవద్దన్నారు. ఎవరికీ చెప్పలేదు.' ఆమె మడమలు రెండూ గుండ్రాళ్లలా ఉన్నాయి. రాసి, మూసేసి, మూడు మెట్ల వరసలు చకచకా ఎక్కి క్లాసుకి వెళ్లింది.

బుధవారం డిపార్ట్‌మెంటు మీటింగులో ఎప్పటిలాగే కుర్చీలు చాలలేదు. ఎప్పటిలాగే ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. హెచ్‌ఓడీ చుట్టూ చూసి, పక్కనున్న లెక్చరర్ని లేపి, కూర్చోండి మేడం, మీరు నిలబడకూడదు, అన్నాడు.

పధ్నాలుగేళ్లలో ఆయన ఆమెకి కుర్చీ చూపించడం అదే మొదటిసారి. కూర్చుంది. మీటింగులో ఏం మాట్లాడారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆమె పర్మనెంటు కాకపోతే ఆయనకేం లాభమో లెక్క వేయడానికి గణాంకశాస్త్రం అక్కర్లేదు. ఎవరూ ముట్టుకోని క్లాసులు, ఎవరూ దిద్దని పేపర్లు ఆమె నెత్తిన పడతాయి, వేసవిలో సంతకం కోసం ఆమె నోరు మూసుకుని పుచ్చుకుంటుంది. మరి డైరీ ఆయనకి ఎవరు చూపించారు? మెంటరేనా? అక్కా అక్కా అని వెంట తిరిగింది కదా తను. ఇద్దరు పిల్లలతో ఇదే కోర్సు చదివానని, ఏడ్చిన రోజులున్నాయని చెప్పిన మనిషి. ఆ కన్నీళ్లు నిజమేనా, తన నోట మాట రాబట్టడానికేనా? అంతకుముందు మెంటర్ చూపిన ప్రతి ఆదరణా ఇప్పుడు వెనక్కి తిప్పి చూస్తే ఎరలాగే కనిపించింది.

గురువారం పొద్దున ఫోను చేసింది. ఈ వారం డైరీ ఎలా ఉందక్కా, అని తేలిగ్గా అడిగింది.

"ఏమనుకోకమ్మా, ఆదివారం నుంచీ మా నాన్నగారితో ఆస్పత్రిలోనే ఉన్నాను. కంప్యూటరు మొహం చూడలేదు. అర్జంటా?"

అర్జంటేమీ లేదంది. వెనక నర్సు ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న గొంతు వినిపించింది. అనుమానపడ్డందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే భయమేసింది. మెంటర్ కాకపోతే మిగిలేదెవరు?

సాయంత్రం భర్త ఆఫీసు నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. సోఫాలో ఆమె పక్కన కూర్చుని తనే విప్పాడు. మెత్తటి చెప్పులు. బొటనవేలితో నొక్కి చూపించాడు, దూదిలా ఉన్నాయి.

"రోజంతా నిలబడతావు కదా. ఇకనుంచి ఇవే వేసుకో."

పెళ్లయ్యాక ఆయన అడక్కుండా తెచ్చిన వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అత్తగారు చెప్పులు చేతిలోకి తీసుకుని, నా కొడుకు మనసు వెన్న అన్నారు. మామూలు రోజయితే ఆమె కళ్లు చెమర్చేవి. ఈరోజు ఆ ప్రేమే సాక్ష్యం చెబుతోంది. ఆదివారాలు ఆయనా హెచ్‌ఓడీ కలిసి షటిల్ ఆడతారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ అది ఆటే అనుకుంది.

"నా కాలు నొప్పని మీకెవరు చెప్పారు?"

ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగడం ఎంత కష్టమో కోర్సులో చేరిన మొదటి నెలలోనే ఆమెకి తెలిసింది. క్లాసులో నిశ్శబ్దం భరించలేక జవాబు తనే చెప్పేసేది. ఇంట్లోనూ అదే చేసింది. ఆయన మాట ఎక్కడ పొసగకపోయినా ఆయన తరఫున సాకు తనే వెతికి పెట్టేది. అలసటేమోలే, మర్చిపోయి ఉంటారులే, నా మంచికేలే. ఇప్పుడు కూడా నాలుక చివరిదాకా వచ్చింది, నడక చూసి కనిపెట్టారు కాబోలు అని. మింగేసింది. ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. అత్తగారు చెప్పులు కింద పెట్టేశారు. ఆయన ఆమెకేసి చూసి, తల్లికేసి చూసి, అట్టపెట్టె మూత మళ్లీ మూశాడు.

"ఇంట్లో కంప్యూటర్లో నీ అకౌంటు తెరిచే ఉంటుంది కదా," అన్నాడు చివరికి. "చూడాలని కాదు, కనబడింది."

ఆ తర్వాత ఆపడం ఆయన వల్ల కాలేదు. నువ్వే రాశావు కదా అలసిపోయానని. శనివారం ఇల్లు ఇల్లులా ఉండటం లేదు, అమ్మకి ఒంటరిగా తోచడం లేదు. హెచ్‌ఓడీయే అన్నాడు, ఎందుకండీ ఆవిణ్ణి కష్టపెడతారు, ఫలానా ఫారం నింపితే సరిపోతుంది, ఏటా సంతకం నేను పెడతాను కదా అని. నీ మడమ నొప్పి సంగతి కూడా మొన్న ఫోనులో ఆయనకి చెప్పాను. అంతా నీ మంచికే. తప్పయితే తప్పే, రేపు పొద్దున ఆయనతో నేనే మాట్లాడి సరిచేయిస్తాను, నువ్వు కదలక్కర్లేదు.

ఆ క్షమాపణ కూడా ఆమెకి అనుమానంగానే వినిపించింది. సరిచేయడం కూడా వాళ్లిద్దరి మధ్యే జరగాలన్నమాట.

"నాకు ఏ నొప్పీ లేదు," అంది. "ఎవరు చదువుతున్నారో తెలుసుకుందామని రాశాను."

కట్టుకున్న మొగుడికే ఉచ్చు పెడతావా, అన్నారు అత్తగారు. ఆమె భర్త వైపే తిరిగింది.

"రేపు పదింటికి కోర్సు ఆఫీసుకి నాతో రండి. ఆ అర్జీ రాసింది మీరేనని, ఆ ఫారం సంగతి చెప్పింది ఎవరో కూడా, అక్కడ రాసి సంతకం పెట్టండి."

"నా పరువేం కావాలి? హెచ్‌ఓడీ ఉద్యోగానికే ఎసరు వస్తుంది." గొంతు తగ్గించి అడిగాడు. "నేను రాకపోతే?"

"ఒక్కదాన్నే వెళ్తాను," అందామె. "ఎవరు రాశారో తెలియదని మాత్రం చెప్పను."