మొదటి వంపు

రబ్బరుతో పనిచేసేవాళ్ళకి జుట్టు తొందరగా నెరుస్తుందని మా ల్యాబ్‌లో ఒక నమ్మకం. నాది నెరిసింది కూడా. ఇనుప రోబో పద్ధతైన మనిషి లాంటిది. కీలు ఎక్కడుంటే అక్కడే వంగుతుంది, ఎంత వంగమంటే అంతే వంగుతుంది. మేము చేసేవి మెత్తటి రోబోలు. సిలికాన్ వేళ్ళలోకి గాలి పంపిస్తే ముడుచుకుంటాయి. ఎక్కడ వంగుతాయో, ఎంత వంగుతాయో వాటి దయ. ఇంత గాలికి ఇంత వంపు అని ముందుగా చెప్పే లెక్కని మోడల్ అంటాం. ఆ లెక్క కుదిరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కుదిరిందనే అందరం అనుకున్నాం.

ఆ లెక్క మీద నడిచేదే మా గ్లవ్. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళు దాన్ని తొడుక్కుని, రెండో చేత్తో బటన్ నొక్కితే వేళ్ళని మెల్లగా ముడిపిస్తుంది. వంపు కొలిచే సెన్సార్లు పెడితే బరువెక్కుతుందని పెట్టలేదు. లెక్క ఎంత గాలి పంపమంటే అంత పంపుతుంది, అంతే. మా ల్యాబ్ నడిపే సార్ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది కూడా అదే.

దాన్ని ఇంటికి తీసుకెళ్ళి వాడి చూస్తున్నవాళ్ళలో మా అక్క ఒకతి. బ్యూటీ పార్లర్ నడిపేది. ఆమె కత్తెర పట్టిందంటే కుర్చీలో ఉన్నవాళ్ళు తల ఊపడానికి కూడా భయపడేవాళ్ళు. కుడిచెయ్యి పడిపోయాక పార్లర్ మూసేసి నా దగ్గరికి వచ్చేసింది. "ఆ జుట్టేమిటే, చీపురులా! నా చెయ్యి బాగుపడనీ, ముందు నిన్నే కూర్చోబెడతాను" అనేది రోజూ. గ్లవ్ వచ్చిన కొత్తలో.

ల్యాబ్‌కి వచ్చిన రోజు అక్క కప్పు ఎత్తి పట్టుకుంటే చూడముచ్చటగా ఉండేది. ఇంట్లో మాత్రం పొద్దున్నే కప్పు మీద చెయ్యి వేస్తే వేళ్ళు సగం ముడిచి ఆగిపోయేవి. కప్పు జారి భళ్ళున పగిలేది. "సారీ సారీ" అంటూ ఎడమచేత్తో ముక్కలు ఏరేది.

"బిగబట్టకక్కా. వదులుగా పెట్టు."

"వదులుగానే పెట్టానే."

"పెడితే ఎందుకు జారుతుంది? మొన్న ల్యాబ్‌లో పట్టుకున్నావుగా!"

"ఏమోనే తల్లీ. నా ఖర్మ."

ఇదీ మా ఇంట్లో పొద్దుటి సంగతి. నేను విసుక్కుంటూ ల్యాబ్‌కి, ఆమె నీరసంగా మంచం మీదికి. కొన్నాళ్ళకి కప్పులు ప్లాస్టిక్‌వి కొన్నాను. ఆ రోజు అక్క మొహం చూడాల్సింది. నేనేమో తెలివిగా పని చేశానని మురిసిపోయాను, నా మొహం.

ఆ సోమవారం సార్ గదికి పిలిచారు. మంచి మనిషే, కాకపోతే ఆయనా అలిసిపోయారు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనడం మర్చిపోయారు.

"మీ అక్కగారు ల్యాబ్‌లో బాగానే చేస్తారమ్మా. ఇంట్లో శ్రద్ధ పెట్టడం లేదు. బయట ఎంతోమంది ఎదురుచూస్తున్నారు. శుక్రవారం గ్లవ్ తెచ్చేయ్, ఇంకొకళ్ళకి ఇద్దాం."

"సరే సార్" అన్నాను. నేనూ అదే అనుకుంటున్నాను కదా.

అక్కకి చెబితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సరేలే. ఎవరికో పనికొస్తుంది" అని, గ్లవ్‌ని తడిగుడ్డతో తుడిచి, తనే సంచిలో పెట్టింది. పార్లర్ తాళంచెవి ఎప్పుడూ దిండు కింద ఉండేది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, "అద్దాలూ కుర్చీలూ అమ్మేద్దామే ఇక" అంది. దాన్ని నా సంచిలో వేసుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే గ్లవ్ తీసుకుని ల్యాబ్‌కి వెళ్ళాను. ఇంకా ఎవరూ రాలేదు. పెట్టెలో పెట్టేముందు గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూడాలి. దానికోసం టేబుల్‌కి బిగించిన చెక్క చెయ్యి ఒకటుంది. వేళ్ళకి కీళ్ళు ఉంటాయి, అంతకుమించి ఏమీ ఉండదు. గ్లవ్ దానికి తొడిగాను.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. ఏ గ్లవ్ బల్ల మీదికి వచ్చినా ముందు కసరత్తు చేయించాలి. అంటే ఖాళీగా కాసేపు ముడిపించి, విప్పించి, ఆ తర్వాతే అసలు పని. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేర్పేది ఇదే. "కసరత్తయిందా?" అనకుండా ఎవరూ పంపు దగ్గరికి పోరు. కసరత్తు కాకుండా తీసిన కొలతలు తిక్కతిక్కగా వస్తాయి, వాటిని పారేస్తాం. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. అక్క ల్యాబ్‌కి వచ్చిన ప్రతిసారీ ఆమె గ్లవ్‌కి కూడా కసరత్తు చేయించాకే తొడిగేవాళ్ళం.

ఆ రోజు నాకు ఓపిక లేదు. పెట్టెలోకి పోయేదానికి కసరత్తు ఒకటా అనుకుని, ఒక స్టీలు కప్పు తెచ్చి చెక్క వేళ్ళ మధ్య పెట్టి, బటన్ నొక్కాను.

వేళ్ళు సగం ముడిచి ఆగిపోయాయి. కప్పు జారి కింద పడింది.

నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. చెక్క చెయ్యి బిగబట్టదు. దానికి శ్రద్ధ లేదనడానికీ లేదు. కప్పు తీసి పెట్టి మళ్ళీ నొక్కాను, కాస్త ఎక్కువ వంగింది. ఇంకోసారి, ఇంకా. కాసేపటికి కప్పుని గట్టిగా పట్టుకుంది. ఆపేసి, పక్కన కూర్చుని, మధ్యాహ్నం దాకా దాన్ని ముట్టుకోలేదు. తర్వాత నొక్కితే కప్పు మళ్ళీ కింద.

విశ్రాంతి తీసుకున్న రబ్బరు బిగుసుకుంటుంది. మొదటి వంపుకి ఎక్కువ గాలి కావాలి. ఆ మొదటి వంపులన్నీ పారేసి మేము మోడల్ కట్టాం. ల్యాబ్ బయట బతికే మనిషి కప్పుని ఒకసారి ఎత్తి, దించి, గంటలకొద్దీ ఊరుకుంటాడు. అతనికి ప్రతిదీ మొదటి వంపే. ఒళ్ళు మండిపోయింది నాకు, నా మీదే.

సార్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పోనీ, ఇంట్లో కూడా ముందు కసరత్తు చేయించుకోమంటే?"

"ఒంటిచేత్తో అది తొడుక్కునేసరికే ఆవిడకి చెమటలు పడతాయి సార్. చేతికుండగా అన్నిసార్లు ఆడిస్తే ఆ వేళ్ళు తట్టుకోలేవు. గుక్కెడు నీళ్ళు తాగాలన్నప్పుడల్లా విప్పి, ఆడించి, మళ్ళీ తొడుక్కోమంటారా?"

"అలాగైతే మోడల్ మొదటినుంచి కట్టాలి. ఒక్క మొదటి వంపు కొలవాలంటే గంటలు ఆగాలి. ఎన్ని నెలలు పడుతుందో తెలుసా?"

"తెలుసు."

"జర్నల్‌కి పేపర్ కూడా పంపేశాం" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. కళ్ళజోడు పెట్టుకుని, "వెనక్కి తీసుకుందాంలే. ఆ గ్లవ్ ఆవిడకే ఇచ్చెయ్" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. తప్పు నీది కాదక్కా, లెక్కది, మాది అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె కదల్లేదు.

"కప్పు జారినప్పుడల్లా సారీ చెప్పానే" అంది గోడవైపే చూస్తూ. "నీకు చెప్పాను. మీ సార్‌కి చెప్పాను. నువ్వు అటు వెళ్ళాక ఆ గ్లవ్‌కి కూడా చెప్పాను."

"సారీ అక్కా" అనబోయాను గానీ ఆ మాట ఆమె ఎప్పుడో వాడేసి అరగదీసింది. తాళంచెవి తీసి దిండు కింద పెట్టాను. అక్క తల కాస్త ఎత్తి చోటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే గ్లవ్ తొడగడానికి సాయం చేశాను. టేబుల్ మీద గాజు కప్పు పెట్టాను, ప్లాస్టిక్‌ది కాదు. నోటుబుక్ తెరిచాను. ముందు మొదటి వంపుల కొలతలు కావాలి, కొత్త లెక్క సంగతి తర్వాత. అందుకని పాత లెక్కే నడుస్తోంది, ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. అక్క బటన్ నొక్కింది. వేళ్ళు సగం ముడిచి ఆగిపోయాయి. కప్పు జారి భళ్ళున పగిలింది.

అలవాటుగా అక్క నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. వంగి ముక్కలు ఏరలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని నావైపు చూసింది.

"చూస్తావేమే? రాసుకో" అంది.