చప్పుడు లేని ఇల్లు

కుక్కరు రెండో కూత కూయగానే కల్యాణి పెరట్లోంచి పరుగున వచ్చి స్టవ్వు కట్టేసింది.

"ఏటే, అలా మీద పడిపోతన్నావు? పప్పింకా ఉడకనేదు," అంది దాలమ్మ.

"అత్తా, మెల్లిగా! ఆయన ఇప్పుడే పడుకున్నారు. కుక్కరు పెట్టద్దని ఎన్నిసార్లు చెప్పాలి? గిన్నెలో వేస్తే ఉడకదా?"

"ఉడుకుద్ది. బద్దలు బద్దలుగా ఉడుకుద్ది. నువ్వు నమిలి పెడతావేటి నాకు?"

"మెల్లిగా అన్నానా!"

"నాను మెల్లిగానే మాటాడతన్నాను. నీకే గట్టిగా ఇనిపిత్తంది."

దాలమ్మకు కుడిచెవి పోయి చాలా కాలమైంది. ఆవిడ గుసగుస ప్రహరీ దాటి పక్కింటివాళ్ళకు కూడా అందుతుంది. కల్యాణి ఇక మాట పెంచలేదు. ఆవిరి పోయాక కుక్కరు మీది వెయిట్ తీసి, తడి తుడిచి, కొంగున ముడివేసుకుంది. అత్తగారు నోరు తెరిచి చూస్తుండగానే వంటింట్లోంచి వెళ్ళిపోయింది.

"ఓలమ్మో, ఇదేటి సోద్యం! కూతని మూటగట్టుకుపోతంది," అని దాలమ్మ వెనకనుంచి అంది. ముందుగదిలో చదువుకుంటున్న తనుశ్రీ నవ్వింది. ఆ నవ్వుకు కూడా చప్పుడు లేదు.

ఆ హిందీ ఊళ్ళో, సోనారి పేటలోని ఆ ఇంటికి మూడు గదులు, రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ముందుగదిలో తనుశ్రీ చదువు. నడిమిగదిలో గౌరీశంకర్ నిద్ర. ఆ వెనక వంటిల్లు. వంటిల్లు దాటి, చిన్న పెరడు దాటితే దాలమ్మ గది. అందులో ఆవిడ మంచం, ఆవిడ దేవుళ్ళు, పోయిన మావగారి ఫోటో. ఆ గదిలోకి చీపురు పట్టుకుని వెళ్ళాలన్నా ఆవిడ మొహం చూసి వెళ్ళాలి.

గౌరీశంకర్ ఉక్కు ప్లాంటులో క్రేను నడుపుతాడు. వారానికో షిఫ్టు. ఉదయం షిఫ్టయితే మధ్యాహ్నం పడుకుంటాడు. మధ్యాహ్నం షిఫ్టయితే బాగా పొద్దెక్కేదాకా లేవడు. రాత్రి షిఫ్టయితే పగలంతా నిద్రే. ఏ షిఫ్టయినా ఇంట్లో ఏదో ఒక పూట పగటి నిద్ర తప్పదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అతను మాటవరసకి అన్నాడు: "నిద్ర చాలనోడు పైన కేబిన్లో కూకుంటే కింద నిలబడ్డోడి గతేటి కల్యాణీ?" అతను ఆ మాట అని మరిచిపోయాడు. కల్యాణి మరవలేదు.

శ్రీకాకుళంలో బి.ఏ. చదివిన మనిషి. ఏ పని చేసినా సగం చెయ్యడం తెలియదు. కాలింగ్ బెల్ తీగ పీకించింది. తలుపు సందుల్లో గుడ్డపేలికలు అంటించింది. స్టీలు పళ్ళేల మధ్య పాతచీర ముక్కలు పరిచింది. చేతికి గాజుల బదులు ఒంటి బంగారు కడియం వేసుకుంది. తనుశ్రీ పాకే రోజుల్లోనే పెదవుల మీద వేలు పెట్టడం నేర్పింది. "ఎంత బుద్ధిమంతురాలో మీ పిల్ల, ఉన్నట్టే తెలీదు," అని వచ్చినవాళ్ళంతా అనేవారు. కల్యాణికి అది తన పెంపకానికి వచ్చిన మెచ్చుకోలు.

అలాంటి పిల్లకి తొమ్మిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల్లో గ్రేడు జారిపోయింది. పోయిన ఏడు కూడా కొంచెం జారింది. ఈసారి సైన్సు, ఇంగ్లీషు, సోషల్, అన్నిట్లోనూ.

ఎవరి కారణం వాళ్ళకుంది. గౌరీశంకర్ ఫోన్ అన్నాడు, తీసి బీరువాలో పెట్టాడు. దాలమ్మ దిష్టి అంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. సాక్చిలో ట్యూషన్ మాస్టారు, ధ్యాస లేదన్నాడు. కల్యాణి నానబెట్టిన బాదంపప్పు తొక్కతీసి పెట్టింది, టేబులు దిశ మార్చింది, లైటు మార్చింది. దేనికీ గ్రేడు కదల్లేదు. పైగా ట్యూషన్ నుంచి పిల్ల ఆలస్యంగా రావడం మొదలైంది. ఎందుకంటే చెప్పదు. "పతా నహీ, మమ్మీ," తెలియదంటుంది, అంతే.

"ఇంక ఇక్కడ లాభం నేదు," అన్నాడు గౌరీశంకర్ ఆ వారం మొదట్లో. "మా ప్లాంటు గణపతిరావు కూతురు విశాఖపట్నంలో హాస్టల్ స్కూల్లో ఉంది కదా. పదో క్లాసుకి సీటుందట. ఆదివారం లోపల చెప్పమన్నాడు. పంపించీద్దాం."

అప్పట్నుంచి కల్యాణికి కాలు నిలవడం లేదు. పిల్లని పంపడానికి మనసొప్పదు, పంపొద్దనడానికి కారణం దొరకదు. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతోంది. దానికి తోడు ఈ పొద్దు కుక్కరు గొడవ.

శనివారం కాసిడీహ్‌లో పిల్ల బడికి తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. గౌరీశంకర్‌ని లేపకుండా కల్యాణి ఒక్కతే వెళ్ళింది.

క్లాస్ టీచరు యోగిత చిన్న వయసుదే. హిందీలో గబగబా మాట్లాడుతుంది. పరీక్ష పేపర్లు తీసి ముందు పెట్టింది. కల్యాణి ఒక్కొక్కటీ తిప్పింది. ఎనభైకి డెబ్బై దాటి ఉన్నాయి, అన్నీ. దస్తూరీ కూడా పొందిగ్గా ఉంది.

"మరి గ్రేడు?" అంది.

"మిగతా ఇరవై నోటితో చెప్పేవి మేడమ్. ప్రాజెక్టు గురించి చెప్పాలి, అడిగినదానికి జవాబివ్వాలి, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలి. మీ అమ్మాయి నిలబడుతుంది. పెదాలు కదులుతాయి. మాట రాదు. ఆరు కంటే ఎక్కువ ఎలా వెయ్యను? పోయిన ఏడు నుంచి వీటికి మార్కులు పెరిగాయి, అందుకే బయటపడింది."

"సిగ్గు కొంచెం..."

"సిగ్గు కాదు. సిగ్గుపడే పిల్లలు ఆటల టైములో అరుస్తారు. ఈ పిల్ల ఖోఖో ఆడుతూ కూడా అరవదు." టీచరు ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "తప్పుగా అనుకోకండి. మీ ఇంట్లో ఎవరికైనా చాలాకాలంగా బాగాలేదా? మంచంపట్టిన మనిషి ఉన్న ఇళ్ళ పిల్లలు ఇలా ఉండడం చూశాను."

"లేదండీ, అందరూ బాగానే ఉన్నారు," అంది కల్యాణి. అన్నాక తన గొంతు తనకే వినిపించింది. టీచరు ముందుకు వంగి, చెవి ఒగ్గి వింటోంది.

బడి వదిలాక తల్లీకూతుళ్ళు సాక్చి దాకా నడిచి, సోనారి వెళ్ళే షేర్ ఆటో ఎక్కారు. లోపల ఏదో పాట దద్దరిల్లుతోంది. మూటలతో ఇద్దరు ఆడవాళ్ళు, ముందు సీట్లో ఇంకో మనిషి. తమ మలుపు దగ్గరపడుతుంటే కల్యాణి ఆపమని చెప్పబోయి ఆగింది. చూద్దామనుకుంది.

తనుశ్రీ తల్లి వైపు చూసింది. కల్యాణి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. పిల్ల ముందుకు జరిగి "భయ్యా, రోకియే," అంది. ఆపమన్న ఆ మాట పక్కనున్న కల్యాణికే సగం వినిపించింది. మలుపు దాటిపోయింది. మందుల షాపు దాటిపోయింది. పిల్ల ఇంకోసారి నోరు తెరిచి మూసింది. మెడ మీద నరం ఉబ్బింది, అంతే. చివరికి ఏరోడ్రోమ్ గోడ దగ్గర మూటల ఆడవాళ్ళు "అరే రోక్, రోక్!" అని కేకేశారు. ఆటో ఆగింది. తనుశ్రీ వాళ్ళ వెనకే గబుక్కున దిగింది.

ఎండలో వెనక్కి నడుస్తూ కల్యాణి అడిగింది. "రోజూ ఇంతేనా?"

పిల్ల చెప్పుల వైపు చూసింది. "కోయీ ఉతర్ జాతా హై తో... ఎవరైనా మన మలుపులో దిగితే నేనూ దిగిపోతాను."

"దిగకపోతే?"

"ఇక్కడ్నుంచి నడిచి వచ్చేస్తా."

కల్యాణి పిల్ల భుజం మీది బ్యాగు అందుకుంది. ఆ ఆలస్యాలకు ఎన్ని మాటలంది! ఎవరితో తిరుగుతున్నావే అని కూడా అంది. అదీ గుసగుసగా, వంటింటి మూలకి లాక్కెళ్ళి. వేరే ఇళ్ళలో గొంతెత్తి తిట్టుకుంటారు. తన ఇంట్లో తిట్లకు కూడా గొంతు లేదు. పిల్ల బదులు చెప్పాలన్నా ఏ గొంతుతో చెబుతుంది?

ఇంటికొచ్చాక ఆమెకు ఏదీ మునుపటిలా కనబడలేదు. తలుపు తెరిచింది, గుడ్డపేలికల వల్ల చప్పుడు కాలేదు. పళ్ళెం తీసింది, చప్పుడు కాలేదు. తనుశ్రీ పుస్తకం తెరిచి పెదాలు కదుపుతోంది. అలా చదువుతుంటే, జపం చేసుకుంటోందని దాలమ్మ మురిసిపోతూ ఉంటుంది.

"తనూ, ఆ పాఠం పైకి చదువు," అంది కల్యాణి పక్కన కూర్చుని.

పిల్ల నడిమిగది తలుపు వైపు చూసింది. "పాపా సో రహే హైఁ."

"పడుకోనీ. చదువు."

తనుశ్రీ మొదలుపెట్టింది. మొదటి వాక్యం గాలి. రెండో వాక్యంలో గొంతు కొంచెం పలికింది. తుప్పుపట్టిన గడియ జరిగినట్టు గరగరమంది. మూడో వాక్యం నిజంగా వినిపించింది. అప్పుడే లోపల గౌరీశంకర్ దగ్గాడు, మంచం కిర్రుమంది. తనుశ్రీ నోరు మూసుకుంది.

తండ్రి దగ్గు విని కాదు. తల్లిని చూసి. కల్యాణి వేలు అప్పటికే తన పెదవుల మీదకు వెళ్ళిపోయింది.

ఆమె ఆ వేలిని దించి, ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది.

ఆదివారం గౌరీశంకర్‌కి సెలవు. మధ్యాహ్నం భోజనానికి నలుగురూ నడిమిగదిలో కూర్చున్నారు. మునక్కాడల పులుసు, వంకాయ కూర, గిన్నెలో ఉడికీ ఉడకని పప్పు. దాలమ్మ పప్పుబద్దలు ఒక్కొక్కటీ ఏరి పళ్ళెం అంచున వరస పెడుతోంది, కోడలికి కనబడేలా.

"తిన్నాక గణపతిరావుకి ఫోన్ చేసీత్తాను," అన్నాడు గౌరీశంకర్. "సరే అని."

"వద్దని చెయ్యండి," అంది కల్యాణి.

అతను ముద్ద దగ్గర ఆగాడు. ఆమె అన్నీ చెప్పింది. పేపర్లలో మార్కులు, ఆరు మార్కుల సంగతి, ఆటో సంగతి, టీచరు అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గర మాత్రం ఒకసారి మంచినీళ్ళు తాగింది.

"పిల్ల చదవడం లేదనుకున్నాం. చదువుతోంది. నోరే లేదు దానికి. హాస్టల్‌కి పంపితే అక్కడా వెనక బెంచీలో పెదాలు కదుపుతుంది. అక్కడైతే మనకి తెలియను కూడా తెలియదు. తనుశ్రీ ఎక్కడికీ వెళ్ళదు. రేపట్నుంచి ముందుగదిలో పైకే చదువుతుంది. పాఠాలు పైకే అప్పజెబుతుంది."

"మరి నా నిద్రో?" అన్నాడు గౌరీశంకర్. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. "నిద్ర నేకుండా కేబిన్ ఎక్కమంటావేటి? పోనీ పిల్లనే ఎనక్కి పంపు. ఎనకగదిలో సదూకుంటాది."

"పంపితే అదీ మూల కూర్చోబెట్టడమే కదండీ. ఆ గొంతు ఇంటి ముందు వినబడాలి. ఎక్కద్దనడం లేదు, మీరే పెరటిగదిలో పడుకోండి. వంటిల్లు అడ్డం, పెరడు అడ్డం. ఎంత గట్టిగా చదివినా అక్కడికి వినిపించదు."

దాలమ్మని కల్యాణి ముందుగా అడగలేదు. అడిగితే రెండు రోజులు ఏడుపు, అలక, ఆడపడుచు కస్తూరమ్మకి ఫోన్లు. అందుకే అందరి ముందూ అనేసింది.

దాలమ్మ మునక్కాడ నములుతూ, పిప్పి తీసి పక్కన పెట్టి, తీరిగ్గా చెయ్యి కడుక్కుంది.

"అంటే నన్ను గదిలోంచి తోలేత్తన్నావు."

"ముందుగదికి రమ్మంటున్నాను అత్తా. తనుశ్రీ పక్కనే మీ మంచం."

"నా దేవుళ్ళు?"

"అక్కడే ఉంటారు. మీరు వెళ్ళి దీపం పెట్టుకోవచ్చు."

"మీ మావగారి ఫోటో?"

దాలమ్మ కొడుకు వైపు చూసింది. కళ్ళ కింద నల్లని చారలు. నిద్ర చాలని మొహం. తరవాత మనవరాలి వైపు చూసింది.

"ఆ గోడకే ఉండనీ. ఆయనగారికి చెముడు నేదు. కొడుకు గురక ఇంటారు," అని నిట్టూర్చింది. "ఏటే గుంటా, అందరం నీ గురించే అనుకుంటన్నాం. ఎల్తావా, ఉంటావా?"

"నహీ జావూంగీ," అంది తనుశ్రీ పళ్ళెంలోకి.

"ఏటీ? ఇనిపించనేదు."

"వెళ్ళను మామ్మా."

"ఇనిపించనేదే!"

దాలమ్మకు ఎడమచెవి బాగానే వినిపిస్తుంది. తనుశ్రీ ఆవిడ ఎడమ పక్కనే కూర్చుంది. ఆ సంగతి కల్యాణికి తెలుసు. గౌరీశంకర్‌కీ తెలుసు. ఇద్దరూ నోరు మెదపలేదు. కల్యాణి, చీర మారినా కొంగునే ఉంచుకున్న ముడి విప్పి, కుక్కరు వెయిట్ తీసి, అత్తగారి పళ్ళెం పక్కన ఠంగుమని పెట్టింది. తన చేత్తో అంత చప్పుడు చేసి ఎన్నాళ్ళయిందో.

తనుశ్రీ ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. ఈసారి తల్లి వేలు పెదవుల మీద లేదు.

"నేను వెళ్ళను!" అంది. గొంతు మధ్యలో చీలింది, దగ్గొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగి మళ్ళీ అంది, ఇంకా పెద్దగా. "విశాఖపట్నం వెళ్ళను. ఇక్కడే ఉంటాను. ఇక్కడే చదువుతాను!"