జానెడు దూరం

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టేముందు ఆవిడ చేసే మొదటి పని, అలమరలో ముందు వరసన ఉన్న గాజు గ్లాసుల్ని వెనక్కి జరపడం. తర్వాత కుర్చీని గోడ వారకి లాగి, కుట్టుమిషను మీద మందపాటి దుప్పటి కప్పి, అప్పుడు మొగుణ్ణి లేపుతుంది.

"లేవయ్యా, చోటు చేశాను."

అతని అసలు పేరు ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధి వీధంతటికీ అతను బస్తా. సినిమాల్లో ఫైటరుగా చేసేవాడు. ఫైటరంటే కొట్టేవాడని బయటివాళ్లు అనుకుంటారు గానీ, ఆ పనిలో ఫైటరంటే తన్నులు తినేవాడు. హీరో చెయ్యి విసరగానే గాల్లోకి లేచి, లారీ మీంచి బస్తా జారినట్టు ధబ్బున పడేవాడు. అంత అందంగా పడేవాడు అప్పట్లో ఇంకొకడు లేడు. ఆ పేరు పెట్టింది ఒక ఫైట్ మాస్టరు. ముద్దుగానే పెట్టాడు.

నిజానికి హీరో చెయ్యి ఎవరికీ తగలదు. మొహానికి జానెడు దూరంలో ఆగిపోతుంది. ఆ జానెడూ కనపడకుండా కెమెరా పెడతారు. చప్పుడు తర్వాత ఎక్కడో గదిలో ఒకాయన తోలుదిండు మీద కర్రతో కొట్టి కలుపుతాడు. అంచేత దెబ్బ అబద్ధం. పడటం మాత్రం నిజం. మెట్ల మీద దొర్లితే మెట్లు నిజమే, అద్దం మీద పడితే అద్దం చాలాసార్లు నిజమే. ఆఖరి సినిమాలో హీరో ఎగిరి ఛాతీ మీద తన్నాలి. వెనక నడుముకి తాడు కట్టి ఎనిమిదిమంది లాగారు. అందులో ఇద్దరు కాస్త ఉత్సాహంగా లాగారు. తుంటి విరిగింది. బస్తా ఇంటి పట్టున కూర్చున్నాడు.

అప్పట్నించి, అలా జానెడు దూరంలో ఆగిపోయిన దెబ్బలన్నీ ఒక్కొక్కటే ఇంటికి రావడం మొదలుపెట్టాయి. మనం ఎన్ని ఇళ్లు మారినా ఆనవాలు పట్టుకుని వచ్చే దూరపు చుట్టాల్లా వచ్చాయి. సినిమాలు తీసిన వరసలోనే వచ్చేవి. ముందు దెబ్బ తగలాల్సిన చోటు చల్లబడుతుంది, దవడో డొక్కో. వెంటనే దెబ్బ. అతను వీధిగుమ్మం వైపు ఒరిగితే ఎదురుగా సెలూనులో మంగలి కత్తెర ఆపి, "ఎవరిది బాబాయ్?" అని కేకేసేవాడు.

"పాత 'పులి' హీరోది!"

"ఎలా ఉంది?"

"దూది!"

దాంతో సెలూనులో ఒక పందెం తేలిపోయేది. ఏ హీరోకి నిజంగా కుస్తీ వచ్చు, ఎవరికి కరాటే వచ్చు, ఎవరిదంతా డూపుల బతుకు అని జుట్టు కత్తిరించుకునేవాళ్లు ఎంత గొంతు చించుకున్నా, ఆఖరి మాట బస్తాదే. అతని తీర్పులు మూడే. దూది, నానిన రొట్టె, ఫరవాలేదు. బండలు పిండి చేసినట్టు పోస్టర్లలో ఉండే ఒకాయన గుద్దు ఈగ వాలినట్టు వాలిపోయింది. ఇంకొకాయనది తగిలితే బీడీ వాసన కొట్టింది. అది ఆయనది కాదు, ఆయనకి డూపుగా చేసిన పాత స్నేహితుడిది. బస్తా ఆ పూటంతా దవడ తడుముకుంటూ స్నేహితుణ్ణి తలుచుకున్నాడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. దెబ్బ కొట్టిన నాటి బలంతో రాదు, వచ్చిన నాటికి కొట్టినవాడిలో ఉన్న బలంతో వస్తుంది. ఒళ్లు చేసిన ఒక హీరోది ఛాతీ మీద పడాల్సిన తన్ను మోకాలి దాకే లేచి, ఆయాసపడి వెనక్కి పోయింది. మంచంలో ఉన్న ఇంకొక ముసలి హీరోది చెంప మీద వణుకుతూ ఆగి, కాసేపు అక్కడే ఉండిపోయింది. "పాపం, చెయ్యి మంచులా ఉందే" అన్నాడు బస్తా. ఒక్కోసారి చోటు చల్లబడేది, దెబ్బ మాత్రం వచ్చేది కాదు. అంటే ఆ మనిషి పోయినట్టు. మర్నాడు పేపర్లో పడేది.

అన్నేళ్లలో గట్టిగా తగిలింది ఒక్కటే. ఒక కమెడియన్‌ది. తెర మీద అందరిచేతా తన్నులు తిని జనాన్ని నవ్వించేవాడు. ఒకే ఒక్క సినిమాలో పొరపాటున బస్తాని లెంపకాయ కొట్టే సీను ఇచ్చారు. అది వచ్చినప్పుడు రెండు దవడపళ్లు కదిలిపోయాయి. కుర్రతనం నించీ తాలింఖానాలో కుస్తీ పడుతూ పెరిగిన మనిషట. మొహం చూస్తే నవ్వొస్తుందని ఎవడూ ఫైటు ఇవ్వలేదు.

అలా వచ్చీ వచ్చీ ఇంకొక్కటి మిగిలింది, ఆ ఆఖరి తన్ను. దానికి ముందు సినిమాకీ దానికీ మధ్య బస్తా రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. దెబ్బల మధ్య కూడా అంతే ఎడం ఉంటుంది. ఆ ఎడంలోనే అతనికి మెట్టెక్కితే ఊపిరి అందకుండా పోయింది.

డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇంకా ఎన్ని రావాలి?"

"ఒక్కటేనండి" అంది ఆవిడ.

"ఎక్కడ?"

బస్తా ఛాతీ మధ్య వేలు పెట్టి చూపించాడు. ఎవరిదో చెప్పాడు. డాక్టరు మందులు రాస్తున్నవాడల్లా కలం ఆపాడు.

"అతనికి నిజంగా వచ్చా?"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉత్తుత్తి మనిషైతే బెంగలేదమ్మా. నిజంగా నేర్చినవాడైతే మటుకు ఈ గుండె తట్టుకోదు."

ఆ హీరో అంటే మంగలికి ప్రాణం. అద్దం పక్కన నిలువెత్తు బొమ్మ, నడుముకి నల్ల బెల్టు. ఆవిడ వెళ్లి అడగ్గానే పొంగిపోయాడు.

"ఏమంటున్నావ్ పిన్నీ! నలుగురు గురువుల దగ్గర నేర్చాడు. కాలెత్తితే ఇటుకలు పిండే!"

"నీ నోట్లో మన్ను పడ! డాక్టరు ఏమన్నాడో తెలుసా?"

విన్నాక మంగలి దువ్వెన తుడిచిందే తుడుస్తూ, "ఏం లేదులే పిన్నీ, ఇటుకలు అట్టవి. అంతా గ్రాఫిక్సు. వాడి మొహం, వాడికేం వచ్చు?" అన్నాడు. సాయంత్రానికి బొమ్మ తీసేశాడు. గోడ మీద తెల్లటి మనిషి ఆకారం మిగిలింది.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. నలుగురు గురువుల్లో ఒకాయన ఊళ్లోనే ఉన్నాడు, టైర్ల కొట్టు పైఅంతస్తులో. వెళ్లేసరికి సన్నటి కళ్లజోడు మనిషి చాపలు తుడుచుకుంటున్నాడు.

"వచ్చాడమ్మా, ఫోటోలకి. ఆ బెల్టు నాదే. ఇంతవరకూ తిరిగివ్వలేదు."

"అంటే ఏమీ రాదా అయ్యా?"

"డ్యాన్సు బాగా చేస్తాడు."

ఆవిడకి ఆయన్ని కౌగలించుకుందామనిపించింది. మెట్లు దిగుతూ తనలో తనే నవ్వుకుంది. ఇంటికి పళ్లు కొనుక్కెళ్లింది. బస్తా కూడా రెండు తిన్నాడు. కథ అక్కడితో ఆగితే ఎంత బావుండేది! కానీ భయం సంగతి తెలిసిందే కదా, ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు దగ్గర నిలబడుతుంది. మిగతా ముగ్గురు గురువుల మాటేమిటి? వాళ్ల దగ్గర నిజంగానే నేర్చుంటే? ఆ హీరో పిల్లాడే తన నోటితో రాదని చెబితే తప్ప ఆవిడకి నిద్ర పట్టేలా లేదు.

ఆ పిల్లాడు బట్టల షాపు తెరవడానికి వచ్చాడు. జనం, మైకులు, ఫోన్లు. ఆవిడ సందు చేసుకుని, మోచేతుల్తో పొడుచుకుంటూ ముందుకెళ్లిపోయింది. అతను చేతిలో కత్తెరతో రిబ్బను ముందు నిలబడి ఉన్నాడు.

"బాబూ, నీకు నిజంగా వచ్చా?"

"ఏంటమ్మా?"

"అదే, ఆ తన్నడం. రాదు కదూ?"

జనం గొల్లుమన్నారు. ఆవిడకి ఆ నవ్వు వినపడలేదు. అతని చెయ్యి పట్టుకుంది. "రాదని చెప్పు నాయనా. ఒక్క మాట. చచ్చి నీ కడుపున పుడతాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంచుకున్నాడు. ఎవరో ఆవిణ్ణి పక్కకి లాగేశారు. ఆ సాయంత్రానికి అది ప్రతి ఫోనులోనూ ఉంది. చూసినవాళ్లందరూ నవ్వారు, ఎదురు సెలూనులో వాళ్లు తప్ప.

ఆ తర్వాత అతను సినిమాలు చెయ్యడం మానేశాడు. ముక్కు విరిగిందని ఒకసారి, కాలి గోళ్లు ఊడిపోయాయని ఒకసారి వార్తలొచ్చాయి. తెల్లారగట్ట టైర్ల కొట్టు పైకి వెళుతున్నాడని, బెల్టు తిరిగిచ్చి మొదటి తరగతి పిల్లల వరసలో నిలబడ్డాడని, చాపలు తనే తుడుస్తున్నాడని మంగలి గొంతు తగ్గించి చెప్పాడు.

"మంచి పిల్లాడే" అన్నాడు బస్తా.

ఆవిడ మళ్లీ గురువు దగ్గరికి పరిగెత్తింది. "పంపించెయ్యండి బాబూ అతన్ని! మా ఆయనకి అతని తన్ను ఒకటి రావాల్సి ఉంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లకి నిజమైన శిష్యుడు దొరికాడమ్మా నాకు. ఏమని పంపను?"

హీరో ఇంటికీ వెళ్లింది. ఫోనులో చూసిన ముసలమ్మే అని గుర్తుపట్టి గేటు దగ్గరే ఆపేశారు. మళ్లీ వెళితే గేటు కూడా తియ్యలేదు. ఇక చేసేదేమీ లేక పాత చీరలన్నీ కలిపి ఒక బొంత కుట్టింది. అది మొగుడి ఛాతీకి కడితే, తగిలేది బొంతకి కాదే, నాకే అన్నాడు. నిజమే. కమెడియన్ లెంపకాయ వచ్చిన రోజున అతను తలకి శాలువా చుట్టుకునే ఉన్నాడు. బొంతని వెనక గోడకి వేలాడదీసింది.

రెండో ఏడు నిండుతుండగా, ఒక పొద్దున ఆవిడ గ్లాసులు జరుపుతుంటే తలుపు చప్పుడైంది. అతనే. కారు వీధి చివరే వదిలేసి, వెంట ఎవరూ లేకుండా వచ్చాడు. ముక్కు కాస్త పక్కకి తిరిగి, మనిషి చిక్కి, మొహం ప్రశాంతంగా ఉంది.

"అమ్మా, ఇప్పుడు వచ్చు" అన్నాడు. "ఆ రోజు మీరడిగిన మాటకి సిగ్గేసి నేర్చుకున్నాను. ముందు మీకే చెబుదామని వచ్చాను."

ఆవిడ చేతిలో గ్లాసుని అలమరలో వెనక వరసన పెట్టింది.

"మర్చిపోవడం కుదురుతుందా బాబూ?"

"మిమ్మల్నా?"

"కాదు. నేర్చుకున్నది."

పరీక్ష పెడుతోందనుకుని నవ్వాడు. "ఒంటికి పట్టింది పోదమ్మా."

బస్తా లోపల్నించి గోడ పట్టుకుంటూ వచ్చాడు. హీరో చూడగానే గుర్తుపట్టాడు. "తాడు సీను! మీరు కదూ?"

"నేనే బాబూ. కూర్చో. నీదొకటి రావాలి నాకు."

ఆ పనిలో ఉన్నవాళ్లకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. అతను ఆవిడ వైపు చూశాడు, షాపు ముందు ఆవిడ పట్టుకున్న తన చేతి వైపు చూసుకున్నాడు.

"అందుకా అమ్మా అడిగారు?"

ఆవిడ టీ పెట్టడానికి వెళ్లింది.

"ఒకసారి చూపించు బాబూ, నెమ్మదిగా" అన్నాడు బస్తా. హీరో వద్దన్నాడు. బస్తా ఊరుకోలేదు. అతను లేచి, ఊపిరి నిలిపి కాలెత్తాడు. మడమ బస్తా ఛాతీకి జానెడు దూరంలో వచ్చి, గోడకి కొట్టిన మేకులా కదలకుండా నిలబడింది. బస్తా ఆ మడమనీ, దాని వెనక నడుమునీ, కింద ఆనుకున్న పాదాన్నీ తీరిగ్గా చూశాడు. అతను ఎప్పుడూ చెప్పే మూడు మాటల్లో ఏదీ సరిపోలేదు.

"బాగుంది" అన్నాడు.

"నేను మానేస్తానండి. ఇవాళే ఈ కాలు విరగ్గొట్టుకుంటాను."

"ఛ, ఊరుకో. అంత కష్టపడి నేర్చుకున్నావు."

ఆవిడ టీ తెచ్చింది. బస్తా ఊదుకుంటూ ఒక్క గుక్క తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "చల్లబడిందే" అన్నాడు పెళ్లాంతో.

హీరో గబుక్కున కుర్చీలో కూర్చుని కుడికాలిని రెండు చేతుల్తో అదిమిపట్టాడు. పాదం మీద రెండో పాదం వేసి తొక్కాడు. ఆవిడ కూడా పరిగెత్తుకెళ్లి ఆ మోకాలి మీద తన బరువంతా వేసింది. ఆ కాలు కదల్లేదు.

బస్తా మాత్రం గాల్లోకి లేచి, వెనక గోడకున్న బొంతకి తగిలి, నెమ్మదిగా జారాడు. భుజం తిప్పి, తల కాపాడుకుని, పనిలో నేర్చిన పద్ధతిలోనే పడ్డాడు. ఒక్క గ్లాసు పగల్లేదు. ఈసారి వెనకనించి తాడు లాగేవాళ్లెవరూ అక్కర్లేకపోయింది.

"ఎవరిది పిన్నీ?" అని ఎదురు సెలూను లోంచి మంగలి అలవాటుగా కేకేశాడు. లోపల్నించి ఎవరూ పలకలేదు.

హీరో మళ్లీ కాలెత్తలేదు. మడమలో ఆ మెత్తటి తాకిడి ఉండిపోయిందట, కొద్దిగా కుంటుతాడు కూడా. తిరిగి సినిమాలు చేశాడు గానీ, ఫైట్లన్నీ డూపుల చేతే చేయించాడు. అది జనానికి తెలిసిపోయింది. ఇంటర్వ్యూల్లో ఎగతాళి చేస్తే తల దించుకునేవాడు. సెలూనులోకి కొత్తగా వచ్చేవాళ్లు, ఆ నేర్చుకోవడం, ఆ ముక్కు విరగడం అన్నీ పబ్లిసిటీయే, వాడికేమీ రాదు, వాడంత దొంగ ఇంకోడు లేడు అనేవాళ్లు. తీర్పు చెప్పే మనిషి లేక ఆ వాదనలు తేలేవి కావు.

ఒకరోజు ఒకడు మరీ రెచ్చిపోతుంటే మంగలి వినలేక గుమ్మంలోకొచ్చి, ఎదురింటి వైపు కేకేశాడు. "పిన్నీ, నువ్వే చెప్పు. అతనికి నిజంగా వచ్చా?"

ఆవిడ గుమ్మంలో మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మిషను మీద ఇప్పుడు దుప్పటి లేదు. వెనక అలమరలో గ్లాసులు ముందు వరసలోనే ఉన్నాయి.

"వచ్చు నాయనా" అంది. "బాగా వచ్చు."