లారీ డ్రైవరు నిద్ర

మధ్యాహ్నపు ఎండ అతని కనురెప్పల మీద కూర్చుంది. తడిగోనె పరిచినంత బరువుగా...

ముద్ద నోట్లోనే ఉంది. తల వాలిపోయింది.

పందొమ్మిదేళ్లు లారీ తోలిన మనిషి. అద్దాలు దించి, గాలికి మొహం ఒడ్డి, బండి మీద ఒక్క కునుకు తీయనివాడు. కునికే డ్రైవరును మనిషి కింద జమకట్టనివాడు.

లోడు మీద టార్పాలిన్ పట్టా కడుతూ జారిపడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. భుజాల కింద ఒళ్లంతా పరాయిదైపోయింది.

దాన్ని ఓర్చుకున్నాడు. ఈ నిద్రనే ఓర్చుకోలేకపోయాడు.

“తిని పడుకోవడమే కదా బావా, నీది రాజభోగం,” అన్నాడు బావమరిది.

రాజభోగమట. వాడి మొహాన ఉమ్మేద్దామన్నా ఊపిరి చాలదు.

రాత్రి నిద్రలో ఆయనకు ఊపిరి ఆగి ఆగి వస్తోందని, అందుకే పగలు ఇలా వాలిపోతున్నాడని భార్య మూడేళ్లుగా చెబుతూనే ఉంది. డాక్టరు దిగులన్నాడు. దిగులుకు మాత్రలు రాశాడు. నిద్రలో ఊపిరి కొలిచే పరీక్ష కావాలంటే ఆసుపత్రి పై అంతస్తులో ఒక రాత్రి పడుకోవాలట — కానీ పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషి అక్కడ ఉండడట.

పోరగా పోరగా ఆ పరీక్ష మిషను ఇంటికొచ్చింది. ముక్కుకో గొట్టం. ఛాతీకో పట్టీ. వేలికో క్లిప్పు. వెంట ఒక కాగితం: రోజూ దొర్లినట్టే దొర్లండి.

దొర్లాలట!

చాలా రోజులకు నవ్వాడు. మంచి నవ్వు కాదు.

అతని వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. క్లిప్పు ఊడిపోయింది. రిపోర్టులో రాశారు — పేషెంటు సహకరించలేదు.

రాసినవాడి వేళ్లు బాగానే కదులుతున్నట్టున్నాయి.

చెవికి పెట్టే క్లిప్పు కూడా ఉంటుందట. ఆ ముక్క చెప్పించుకోవడానికి భార్య నాలుగుసార్లు తిరిగింది. తెచ్చింది. పెట్టింది. తెల్లారేదాకా మంచం పక్కనే కూర్చుంది.

గంటకు నలభై మూడుసార్లు... ఊపిరి ఆగింది.

“ఇంత ముదిరేదాకా ఏం చేశారమ్మా? ముందే రావలసింది,” అన్నాడు డాక్టరు, స్పీకరు పెట్టిన ఫోనులో.

మంచం మీద అతను కళ్లు మూసుకున్నాడు. నిద్రతో కాదు. రోతతో.

గాలి పంపే మాస్కు ఇస్తారట. దాన్ని సరిచూడటానికి మాత్రం... మళ్లీ ఆ పై అంతస్తుకే రావాలట.

“మాస్కు ఇంటికే పంపండి,” అంది భార్య. “మూడేళ్లు ఆయన ఊపిరికి కాపలా ఉన్నదాన్ని. తొడగడం చేతకాదా నాకు?”

“చూద్దాం.”

చూస్తారు. పోయాక చూస్తారు, తీరిగ్గా — అనుకున్నాడతను.

భార్య ఫోను పెట్టేయలేదు.

“ఎప్పుడు?” అంది.