తొమ్మిది టోకెన్లు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. కొత్త మిల్లులో నా పేరు జాబితా చివరకు పోతుంది. చివరి పేరుకు రాత్రి షిఫ్టు పడుతుంది. ఎనిమిది నెలల నా బిడ్డ పాలకు లేచి, నేను లేని చాపను తడుముతుంది.

అందుకే ఏటి అవతలి జనపనార మిల్లు నుంచి ఇవతలి మిల్లుకు బదిలీ అయిన రోజున నా సర్వీసును వెంటబెట్టుకుని వస్తున్నాను. మొత్తం తొమ్మిది సంవత్సరాలు. నా వెనక వరసగా నడుస్తున్నాయి. అన్నీ నేనే. మొదటి సంవత్సరానికి రెండు జడలు, బడి మాన్పించిన బెరుకు ఇంకా పోలేదు. నాలుగోది వేలికి గుడ్డ చుట్టుకుంది, ఆ ఏట మిషను కొరికింది. తొమ్మిదోది నిండు చూలాలు, నెమ్మదిగా వస్తోంది.

"ఇంతమందేటి?" అంటాడు గేటు వాచ్‌మన్.

"నా సర్వీసు."

"సర్వీసైతే ఎల్లనీ. మనుషులైతేనే పాసుండాల."

లోపల యూనియన్ సెక్రెటరీ గౌరునాయుడు టోకెన్ల బోర్డు కింద కూర్చుని ఉన్నాడు. చేరిన తేదీల వరసలో మేకులకు ఇత్తడి టోకెన్లు వేలాడుతున్నాయి. ఆఖరిది తవిటమ్మ అనే కార్మికురాలిది. దాని తర్వాత నాకోసం కొట్టిన ఖాళీ మేకు.

"పాత టోకెనేదమ్మా?"

"అక్కడి గేట్లో ఇచ్చేశాను బావూ. చింతపండుతో తోమి మరీ ఇచ్చాను."

గౌరునాయుడు నెత్తి కొట్టుకుంటాడు. "ఎంత పని సేసినావే తల్లీ! టోకెనిచ్చేత్తే పని మానీసినట్టే లెక్క. బదిలీ అయినోలు దాన్ని కొంగున కట్టుకుని రావాల. రెండు మిల్లులకీ యూనియన్ జెండా ఒకటే గానీ, నీ లెక్క ఈయాల్టి నుంచే."

"మరి వీళ్ళు?"

"నాను మనుషుల్ని సూడను. టోకెన్నే సూత్తాను."

ఆ మాటతో హాలు పొడుగవుతుంది. ఖాళీ మేకు దూరంగా జరిగిపోతుంది. అక్కడ అప్పుడే పొద్దు గూకింది.

అప్పుడు రెండు జడల పిల్ల ముందుకొస్తుంది. తొమ్మిదేళ్ళలో ఎవరికీ ఎదురు చెప్పనిది అదే.

"బావూ, టోకెనిచ్చీసింది ఇదొక్కర్తే," అని నన్ను చూపిస్తుంది. "మేమెప్పుడిచ్చినాం?"

బొడ్లోంచి టోకెను తీస్తుంది. మిగతా ఎనిమిదీ తీస్తాయి. తొమ్మిదింటి మీదా ఒకటే నంబరు, నా పాత నంబరు, నాలుగు వందల పన్నెండు.

గౌరునాయుడు ఒకదాన్ని కొరికి చూస్తాడు. "ఇత్తడే. ఈలు మానలేదు మరి. రూలంటే రూలే," అంటూ తొమ్మిదింటినీ మేకుకు తగిలిస్తాడు.

మేకు తనంతట తానే బోర్డు పైకి ఎక్కుతుంది. మిగతా టోకెన్లు గలగలమంటూ దారి ఇస్తాయి. పగటి షిఫ్టు వరసలో ఆగుతుంది. షెడ్డులో ఆడవాళ్ళంతా కండెలతో మిషన్ల మీద దరువేస్తారు. సైరను ఊరంతటికీ వినబడేలా "ఎర్నమ్మా!" అని నన్ను పిలుస్తుంది. నా తల షెడ్డు కప్పుకు తగులుతుంది. పావురాలు సర్దుకుని నాకు చోటిస్తాయి.

అంత ఎత్తు నుంచి చూస్తే బోర్డు అడుగున ఒకే టోకెను కనిపిస్తుంది.

"గెలిసినావప్పా," అంటుంది తవిటమ్మ, కిందినుంచి. "రేత్రి పని మల్లా నాకే వచ్చింది. మా గుంటడికి మూడేళ్ళు. ఒక్కడూ తొంగోడు."

క్షమించమని అడగను. ఆ తొమ్మిదేళ్ళూ నా చేతులతో చేసినవే. కానీ వాటివైపు చూస్తాను. అవి అప్పటికే కొంగులు దోపుకుంటున్నాయి.

ఆ రాత్రి నేను బిడ్డకు పాలిస్తున్నాను. నా తొమ్మిది సంవత్సరాలూ తవిటమ్మ ఇంటిని పునాదితో సహా భుజాలకెత్తుకుని మిల్లు గోడ చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె మిషను ఎదురుగా కిటికీ ఉంది. ఇల్లు అటుగా వచ్చినప్పుడల్లా ఆమెకు కొడుకు కనబడతాడు. చూలాలు కూడా మోస్తోంది. తెగిన పోగు అతికినంత సేపట్లో ఒక చుట్టు తిరిగి వస్తున్నాయి.

నేను కదిలితే బిడ్డ లేస్తుంది. మీరు మిల్లు వైపు వెళితే, ఇల్లు మలుపు తిరిగేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడు గడప ఎక్కి, ఆ పిల్లాడి మీద దుప్పటి ఉందో లేదో ఒకసారి చూడండి.