లాజరు ఎంచుకున్న మిషన్

లాజరు సూర్యాపేట డిపోలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీద ఏ గుంత ఎక్కడుందో ఆయన మోకాళ్లకు తెలుసు. ఆ మోకాళ్లే ఇప్పుడు మెట్లెక్కుతుంటే కలుక్కుమంటున్నాయి. అరుగుదల మొదలైంది, పరుగులు పెట్టొద్దు, కీళ్లకు దెబ్బ తగలని వ్యాయామం చెయ్యమన్నాడు డాక్టరు.

ఆయన కూతురు అరుణ ఊళ్లోనే ఒక జిమ్‌లో ట్రైనర్. ఆడపిల్లకు అదేం కొలువని చుట్టాలు మూతి విరిస్తే, "దాని కాళ్ల మీద అది నిలబడ్డది, మీకేంది?" అని నోరు మూయించాడు. అయితే ఆమె పని చేస్తుండగా చూడటం మాత్రం, డాక్టరు మాట మీద ఆమె వెంట జిమ్‌కు వెళ్లిన ఆ సోమవారం పొద్దునే మొదలు.

పెన్‌పహాడ్ నుంచి వచ్చి ఇక్కడ రైస్‌మిల్లు పెట్టిన జనార్దన్ ట్రెడ్‌మిల్ మీద ఆయాసపడుతున్నాడు. అరుణ వెళ్లి వేగం తగ్గించింది.

"సార్, గట్ల వంగి కడ్డీ పట్టుకొని ఉరికితే నడుము పట్టేస్తది. చేతులిడువుండ్రి."

నలుగురిని శాసించే జనార్దన్ బుద్ధిగా చేతులు వదిలాడు. లాజరుకు ఛాతీ ఉప్పొంగింది.

తర్వాత అరుణ తండ్రిని వీపు ఆనించే సీటున్న సైకిల్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన కాసేపు తొక్కి దిగిపోయాడు.

"నొస్తున్నదా నాయినా?"

"లేదు బిడ్డా. నౌకరీ అంతా కూసునే చేసిన. ఈడ గూడ కూసోబెడ్తవా?"

అరుణ నవ్వలేదు, ఆలోచనలో పడింది. లాజరు తెడ్లు వేసినట్టు లాగే మిషన్ వైపు చూశాడు.

"అదీ కూసునేదే. పైగా మోకాళ్లు బాగా మడవాలె, నీకొద్దు. గా పక్కన పెడళ్ల మీద నడిచినట్టు తొక్కే ఎలిప్టికల్ అయితే నిలబడే చెయ్యొచ్చు. పాదం పెడల్ మీంచి లేవదు గనక మోకాలికి దెబ్బ తగలదు. గని తూలుతవేమోనని చెప్పలే."

"తూలుతనో లేదో సూడు మరి!"

ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ఆయన్ను నేల మీద ఒంటికాలిపై నిలబెట్టింది. కొంచెం ఊగి, కుదురుకున్నాడు. రెండో కాలి మీదా అంతే. అప్పుడు ఎక్కనిచ్చింది.

"నిమ్మళంగ. నొస్తే చెప్పాలె, దాయొద్దు."

మొదట పెడళ్లు వెనక్కి తిరిగాయి. అరుణ సరిచేసింది. కాసేపటికి కాళ్లూ చేతులూ ఒక లయలో పడ్డాయి. లాజరు నిటారుగా, గాలిలో నడుస్తున్నట్టు సాగిపోయాడు.

"ఎవరు మేడం ఆ పెద్దాయన? మస్తు చేస్తుండు!" అన్నాడు జనార్దన్.

"మా నాయిన సార్!" అంది అరుణ, జిమ్మంతా వినపడేలా.

"ఆమె నా బిడ్డ" అని ఎవరితోనైనా చెప్పాలని లాజరు వచ్చినప్పటి నుంచీ కాచుకొని ఉన్నాడు. కూతురే ముందు చెప్పేసింది. ఆయన వీపు ఇంకాస్త నిటారు చేసి తొక్కాడు.

దిగేసరికి పిక్కలు వణికాయి గానీ మోకాళ్లు నొప్పి పెట్టలేదు. మర్నాడు అరుణ లేచేసరికే ఆయన బూట్లు కట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.