వేన్నీళ్ళ తొట్టి

కోలారు బంగారు గనులు మూసేసిన తరువాత చాంపియన్ రీఫ్ కార్మికుల లైన్లలో చాలామంది మగవాళ్ళు పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతా వచ్చినారు. సొన్నప్ప పోలేదు. పోయేదానికి ఆయనకు కాళ్ళు లేవు. ఉండీ లేనట్టే. గని మూతపడేదానికి కొన్నేళ్ళ ముందు భూమి అడుగున ఆయన డ్రిల్లు వేస్తా ఉంటే పక్క బండ పేలి నడుముమీద పడింది. పైకి తెచ్చినప్పుడు బతకడనుకున్నారు. బతికినాడు గానీ, నడుము కింద కండరాలన్నీ కొయ్యల మాదిరి బిగుసుకుపోయినాయి. ఆయన భార్య మునివెంకటమ్మ ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టి, ఎత్తి పడుకోబెట్టి, తన నడుము కూడా వంచుకునింది.

ఊరి చివర ఒక ట్రస్టు వాళ్ళు నడిపే వైద్యశాల ఉండేది. దెబ్బ తిన్న గని కార్మికులకూ, పోలియో వచ్చిన పిల్లలకూ అక్కడ వ్యాయామం చేయించేవాళ్ళు. వెనక రేకుల షెడ్డులో ఒక తొట్టి. మనిషి రొమ్ము లోతు నీళ్ళు, దిగేదానికి మెట్లు, పట్టుకునేదానికి కడ్డీలు. నీళ్ళు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండాల. అందుకని పక్క గదిలో గ్యాసుతో మండే హీటరు ఒకటి పెట్టినారు. ఎవరో పైదేశంవాళ్ళు వాడి, దానంగా పంపిన మిషను అది. లోపల చుట్టలు చుట్టిన రాగి గొట్టాలు. పంపు తోస్తే తొట్టి నీళ్ళు ఫిల్టరు దాటి ఆ గొట్టాల్లోనుంచి పోయి వేడెక్కి మళ్ళీ తొట్టిలోకి వస్తాయి.

ఆ వేన్నీళ్ళలో సొన్నప్ప నడిచేవాడు. బయట కాలు కదపలేని మనిషి, సెలీనా చెయ్యి పట్టుకొని ఒక కడ్డీనుంచి ఇంకో కడ్డీకి అడుగు మీద అడుగు వేసేవాడు. సెలీనా అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి. మారికుప్పంలో పుట్టి పెరిగిన పిల్ల. "అన్నా, మోకాలు ఎత్తు, ఎత్తు, భయపడొద్దు, నీళ్ళు నిన్ను పట్టుకొని ఉండాయి" అని అంటా ఉంటే, సొన్నప్ప పళ్ళు బిగబట్టి నవ్వేవాడు. మునివెంకటమ్మ అదే వైద్యశాలలో ఊడ్చే పనికి కుదిరింది. చీపురు పట్టుకొని గడప దగ్గర నిలబడి మొగుడు నడిచేది చూసేది. వారంలో ఆమె అంతసేపు ఊరకే నిలబడేది అక్కడే.

తొట్టినీ హీటరునూ చూసుకునేది అమృతరాజు. గనిలో కంప్రెసర్ హౌసులో ఫిట్టరుగా చేసినాడు. మిషన్లు తెలుసు గానీ నీళ్ళు తెలీవు. నీళ్ళను ఇక్కడికొచ్చే నేర్చుకున్నాడు, అదీ సగం సగమే. కోలారు సీమ బోరునీళ్ళలో సున్నం జాస్తి. కాగితే చాలు, గొట్టం లోపల తెల్లగా గట్టిపడి పేరుకుంటాది. పేరుకుంటే నీళ్ళు సరిగా పారవు, మంట గొట్టాన్నే కాలుస్తాది. సున్నం పేరుకోకుండా ఆసిడ్ పోయాల. కొంచెం ఎక్కువైతే ఆ ఆసిడ్ సున్నాన్ని వదిలి రాగిని తినేదానికి మొదలుపెడతాది. అప్పుడు సోడా పొడి కలపాల. సోడా ఎక్కువైతే మళ్ళీ సున్నం. రోజూ పొద్దున ఒక చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి చూసేవాడు. ఎర్రగా తిరిగితే సున్నానికి దారి, పసుప్పచ్చగా తిరిగితే రాగికి ముప్పు. రెండింటికీ మధ్యన, నారింజపండు తొక్క రంగు వస్తే ఆ రోజు ఊపిరి పీల్చుకునేవాడు.

ఆ ఏడు వానలు లేవు. అంతకు ముందేడూ లేవు. వైద్యశాల బోరు ఎండిపోయింది. ట్యాంకర్లవాళ్ళు ఒకసారి బంగారుపేట పక్కనుంచి, ఇంకోసారి ముళబాగిలు దారినుంచి, ఎక్కడ దొరికితే అక్కడినుంచి నీళ్ళు తెచ్చి పోసేవాళ్ళు. ఒక ట్యాంకరు నీళ్ళలాగా ఇంకో ట్యాంకరు నీళ్ళు ఉండేవి కావు. సోమవారం పొద్దున చుక్కలు వేస్తే మాటిమాటికీ పసుపు రంగే వచ్చేది.

"ఇదేం నీళ్ళో అర్థం కావడం లేదమ్మా," అన్నాడు అమృతరాజు సెలీనాతో. "సోమవారం అయితే చాలు, పులిసిపోయి ఉంటాది. సోడా పోసి పోసి చెయ్యి నొప్పి పుడతా ఉండాది."

"కానీ సోమవారం నీళ్ళు అద్దం మాదిరి ఉన్నాయన్నా. ముందైతే ఆదివారం సెలవు పోయినాక కలక తిరిగి ఉండేవి కదా. ఇప్పుడు వాసన కూడా లేదు."

అది నిజమే. ఆ మాటకు అమృతరాజు లోపల కొంచెం సంతోషపడినాడు కూడా. నీళ్ళు చెడిపోకుండా శనివారం తను వేసే క్లోరిన్ బిళ్ళల కొలత ఇన్నాళ్ళకు కుదిరిందనుకున్నాడు.

ఎండాకాలం సగం పోయేసరికి తొట్టి మెట్లమీద నీలంగా ఒక మరక కనబడింది. రుద్దితే పోలేదు. సెలీనా తెల్ల తువ్వాళ్ళ అంచులు పచ్చబడినాయి. అమృతరాజు ఆ తువ్వాలును వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూసినాడు. రాగి కరిగి నీళ్ళలో కలిస్తే వచ్చే రంగు అది. ఆ రోజు సోడా ఎక్కువ పోసినాడు. మరుసటి రోజూ పోసినాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. ఒకరోజు పొద్దున హీటరు మంట చిటపటమని ఆరిపోయింది. పై రేకు విప్పి చూస్తే గొట్టాలనుంచి నీళ్ళు సన్నగా, సూదితో పొడిచినట్టు, ఒక్కచోట కాదు చాలాచోట్ల చిమ్ముతా ఉన్నాయి. గొట్టాన్ని వేళ్ళతో నొక్కితే రేకు డబ్బా మాదిరి లోపలికి పోయింది.

బెంగళూరునుంచి మెకానిక్కును పిలిపించినారు. అతను గొట్టాలను తిప్పి తిప్పి చూసి, నేలమీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"పులుపు నీళ్ళు తినేసినాయప్పా. లోపలికి నేరుగా పోయినట్టుండాది. క్లోరిన్ బిళ్ళలు యాడ వేస్తారు మీరు?"

"తేలే డబ్బాలో వేసి తొట్టి నడుమ వదిలేస్తాను."

"చెత్త పట్టే ఫిల్టర్ బుట్టలో ఎవరూ వేయలేదు కదా? పంపు ఆగి ఉన్నప్పుడు బుట్టలో బిళ్ళలు నానితే ఆ నీళ్ళు ఆసిడే. పంపు వేయంగానే మొత్తం ముందు హీటరులోకే పోతాది."

"ఎవరు వేస్తారు? నేనొక్కన్నే కదా ఉండేది," అన్నాడు అమృతరాజు.

ఈ మిషనుకు గొట్టాలు ఇప్పుడు ఎవరూ చేయడం లేదనీ, కొత్త హీటరే తెచ్చుకోవాలనీ చెప్పి మెకానిక్కు వెళ్ళిపోయినాడు. ట్రస్టువాళ్ళు చూద్దామన్నారు. ఆ మాట ఎట్లాంటిదో గని మూసేటప్పుడు విన్నవాళ్ళందరికీ తెలుసు.

మెకానిక్కు పోయినాక అమృతరాజు హీటరు గదిలో ఫిల్టర్ మూత తీసి బుట్ట బయటికి లాగినాడు. అడుగున, ఎండుటాకుల కింద, సగం కరిగిన తెల్ల బిళ్ళ ఒకటి అంటుకొని ఉండాది. దాన్ని చేతిలో పెట్టుకొని నిలబడినాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి. ఆ గది తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంటాది. ఒకటి తన దగ్గర.

అప్పుడే మునివెంకటమ్మ బకెట్టు పట్టుకొని లోపలికి వచ్చింది.

"బాగయిందా అప్పా మిషను?"

"లేదక్కా."

"పోయిన చలికాలంలో నువ్వు సెలీనమ్మతో అనుకుంటా ఉంటివి, ఆదివారం పోతే నీళ్ళు చెడిపోతాయి, సోమవారం ఒకపూట తొట్టి మూయాల్సి వస్తాది అని. ఆయన సోమవారం కోసరం ఎదురుచూస్తా ఉంటాడు కదప్పా. అందుకే ప్రతి శనివారం ఊడ్చి పోయేటప్పుడు నేనే రెండు బిళ్ళలు ఎక్కువ వేస్తా ఉన్నాను. ఆ బుట్టలో. తేలే డబ్బా నాకు అందదు. నీకు చెప్పలేదులే, తిడతావని. నీళ్ళు బాగానే ఉండాయి కదా?"

ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా ఉండింది. అమృతరాజు పిడికిలి మూసినాడు.

"బాగున్నాయక్కా. చాలా బాగున్నాయి."

"మరి మిషనుకు ఏమయింది?"

"ముసలిదైపోయింది. ఎప్పుడో పోవాల్సింది. ఇన్నాళ్ళు పనిచేసిందే గొప్ప."

ఆమె తల ఊపి నేల తుడవడానికి వంగింది. అతను బయటికి వచ్చి ఆ బిళ్ళను ఎండిన బోరు గుంతలోకి విసిరేసినాడు.

తొట్టిని ఊరకే వదలలేకపోయినాడు అమృతరాజు. గొట్టాల చుట్టను సైకిలుకు కట్టుకొని ఆండర్సన్‌పేటలో గిన్నెలకు మాట్లు వేసే బచ్చప్ప దగ్గరికి తీసుకుపోయినాడు. బచ్చప్ప ఒక్కో బొక్కకూ మాటు వేస్తా, "రాజప్పా, ఈడ మాటు వేస్తే పక్కన పగులుతాది. మంట తాకితేనే వణుకుతా ఉండాది ఈ రాగి. కాగితంమీద కుట్టు వేసినట్టుండాది," అన్నాడు. అయినా పనంతా ముగించి ఇచ్చినాడు.

గొట్టాలు బిగించి, మంట చిన్నగా పెట్టి, పొద్దున మొదలుపెడితే మాపటికి నీళ్ళు గోరువెచ్చనైనాయి. సొన్నప్పను పిలిపించినారు. ఆయన తొట్టిలోకి దిగి కళ్ళు మూసుకున్నాడు. చాలారోజులు నీళ్ళు తాకని కాళ్ళు మొదట కదలలేదు. తరువాత ఒకటి కదిలింది. సెలీనా చేతులు వదిలేసింది. ఆయన కడ్డీ కూడా వదిలేసి తొట్టి నడుమ నిలబడినాడు, ఎవరినీ పట్టుకోకుండా.

"ఏయ్, చూడవే!" అన్నాడు పెళ్ళాన్ని. అంత గట్టిగా ఆయన గొంతు లేవడం ఆమె విని ఏండ్లయింది.

ఆ వారం ముగిసేలోపే గొట్టం మొత్తం నిలువునా చీలిపోయింది. ఈసారి బచ్చప్ప చూసి, చేత్తో కూడా తాకకుండా తల అడ్డంగా ఊపినాడు.

చన్నీళ్ళలో అయినా దిగుతానని సొన్నప్ప పట్టుబట్టినాడు. వద్దంటే వినలేదు. రెండు మెట్లు దిగేసరికి తొడలు బిగదీసుకొని, కాళ్ళు కత్తెర మాదిరి మెలికపడి, ఆయన అరిచిన అరుపుకు ముందు గదిలో పిల్లలు ఏడ్చినారు. అమృతరాజూ సెలీనా ఇద్దరూ కలిసి పైకి లాగినారు. ఆ తరువాత ఆయన మళ్ళీ రాలేదు. మునివెంకటమ్మ ఇంట్లో నీలగిరి కట్టెలతో నీళ్ళు కాచి, గుడ్డలు తడిపి కాపడం పెట్టేది. కాపడంతో నొప్పి తగ్గేది. నడక రాలేదు.

ట్రస్టువాళ్ళు చూసి చూసి, తొట్టి షెడ్డుకు తాళం వేయమన్నారు. తొట్టే లేనప్పుడు తానెందుకని సెలీనా బెంగళూరులో ఒక ఆస్పత్రికి పోయింది. పోయే రోజు సొన్నప్ప ఇంటికి వచ్చి, మంచంమీదనే చేయాల్సిన వ్యాయామాలు మునివెంకటమ్మకు చూపించి, చూపిస్తానే కండ్లు తుడుచుకునింది.

అమృతరాజుకు కోలారు టమాట మార్కెట్టులో కాపలా పని దొరికింది. పోయేముందు సొన్నప్పను చూసేదానికి వచ్చినాడు. సొన్నప్ప గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. బాగా చిక్కిపోయినాడు. వీపుమీద పుండు పడిందని వాసనే చెప్పింది.

"అన్నా, నేను అమృతరాజు."

"తెలుసు. నీ చెప్పుల చప్పుడు తెలీదా? కూర్చో."

"కోలారుకు పోతా ఉండాను."

"పో అప్పా. ఈడ ఏముండాదని?" గోడవైపే చూస్తా అన్నాడు, "ఆ రోజు నిలబడినాను చూడు, చాలు. దానికంటే ముందే గనిలో పోయుంటే అదీ ఉండేది కాదు." నిద్రపోయినట్టు ఊపిరి నిదానించింది.

అమృతరాజు లేచి బయటికి వస్తే, మునివెంకటమ్మ గడపలో అడ్డంగా కూర్చొని ఉంది. లేవలేదు.

"నిజం చెప్పు అప్పా. నా వల్లనే కదా?"

"ఏంది?"

"ఆ మిషను."

"నీ వల్ల ఏమిటక్కా? ముసలిదైపోయిందని చెప్పినాను కదా."

"రాగి చెంబుకు చింతపండు రుద్ది రాత్రంతా వదిలేస్తే ఏమయితాదో నాకు తెలీదా? ఆ బిళ్ళ ఒకసారి తడిచేత్తో పట్టుకుంటే వేలు పొక్కింది. అంత ఘాటుగా ఉండేదాన్ని తీసుకుపోయి నేనే గొట్టాల్లోకి పంపినాను. మొన్న చెంబులు తోముతా ఉంటే తెలిసింది. చెయ్యి అట్లే నిలబడిపోయింది."

ట్యాంకరు నీళ్ళు చెడ్డవనీ, ఎప్పటినుంచో పేరుకున్న సున్నం కూడా కారణమనీ అమృతరాజు చెప్పాలనుకున్నాడు. అవీ అబద్ధాలు కావు. కానీ ఆమె అడిగింది అది కాదు.

"నాకు చెప్పకుండా ఉంటే మేలనుకున్నావు," అనింది ఆమె. "నువ్వు మంచోడివే. అయితే నేను ఎవరికి చెప్పుకోవాల? ఆయనకా? ఆయన నన్ను ఒక్క మాట కూడా అనడు. అదే భయం నాకు."

"అక్కా, ఆయన నడవాలనే కదా నువ్వు చేసినావు."

"అవును," అనింది. "అందుకే ఇంగ ఏ పని చేయాలన్నా చెయ్యి రావడం లేదు."

లోపలినుంచి సొన్నప్ప మూలిగినాడు. పక్క మార్చే వేళయింది. ఒక్కతే ఎత్తలేక ఆమె గోడ పట్టుకొని లేస్తా ఉంటే, అమృతరాజు చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి పోయినాడు. ఒకరు భుజాలు, ఒకరు నడుము పట్టుకొని ఆయన్ను ఇటువైపు తిప్పినారు. ఆమె పాతచీర మడిచి వీపుకింద పెట్టింది. ఆయన కండ్లు తెరవలేదు. బస్సుకు పోయేదాకా అమృతరాజు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

వానలు పడే కాలం రాకముందే సొన్నప్ప పోయినాడని మార్కెట్టుకు టమాటలు తెచ్చే లారీవాడు చెప్పినాడు. అమృతరాజు అక్కడికి చేరేసరికి మట్టి వేసేసినారు. మునివెంకటమ్మ ఆంధ్రా పక్క తమ్ముని ఊరికి వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళు అన్నారు. ఏ ఊరో వాళ్ళకు సరిగా తెలీదు.